అరువది దాటిన పిదప ఓనమాలు



నేను 37 సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి, 2019వ సంవత్సరమున ఉద్యోగవిరమణ చేసిన వాడను. బాల్యమున గురువులయొద్ద అమరము, శబ్దములు, కావ్యములు వల్లించి, పిమ్మట ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ పరీక్షనిచ్చి, ఆ చదువునే పిల్లలకు పంచిపెట్టుచు జీవితమును గడిపితిని. నేడు మీ యెదుట శాస్త్రచర్చ చేయుటకు రాలేదు. మా యూరిలో అయిదుగురు వృద్ధులము కూడి, అంతకుముందెన్నడును ఎఱుగని చేతిపనులను నేర్చుకొనుటకు చేసిన ప్రయత్నమును, ఆ ప్రయత్నమున నాకు కలిగిన బుద్ధిని మీకు విన్నవించుకొనుటకు వచ్చితిని.

మాది కృష్ణాతీరమున నొక చిన్న గ్రామము. సాయంకాలము కాగానే శివాలయపు మండపమున మేము అయిదుగురము కూర్చుండుట వాడుక. పోస్టుమాస్టరు పనిచేసి విరమించినవారొకరు, ఆసుపత్రిలో కాంపౌండరుగా నుండినవారొకరు, బట్టల వర్తకులొకరు, పొలము కౌలునకిచ్చి యింట కూర్చున్న రైతొకరు, అయిదవవాడను నేను. మేము మాటలాడుకొనని విషయము లేదు. పింఛను, మోకాళ్ళ నొప్పులు, దూరదేశములనున్న బిడ్డలు, ఎన్నికలు, వానలు. నిన్నటి మాటలే నేడును, నేటి మాటలే రేపును. వినువారికి విసుగు పుట్టుట యటుండనిండు, చెప్పువారికే విసుగు పుట్టెను.

2022వ సంవత్సరమున నొకనాడు మా రైతు మిత్రుడు తన రెండు చేతులను చూచుకొనుచు, “పంతులుగారూ, నోటికి చేతినిండా పని ఉంది గాని, చేతులకే పని లేదు. ఏభై ఏళ్ళు పనిచేసిన చేతులు, ఊరికే ఉండమంటే ఉండటం లేదు” అనెను. అందఱము నవ్వితిమి. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతని చేతులు చేసిన పనిని మఱచిపోలేక బాధపడుచున్నవి. నా చేతులు సుద్దముక్కను, ఎఱ్ఱ సిరాకలమును తప్ప ఏమి పట్టినవి? మఱునాడు నేనే యొక మాట ప్రతిపాదించితిని. మనమందఱము కలిసి, మనలో నొక్కరికిని రాని పనిని, వచ్చినవారియొద్ద కూర్చుండి నేర్చుకొందము. ఒక్కొక్క పనికి కొన్ని నెలలు. అమ్ముకొనుటకు గాదు, పందెమునకు గాదు. మిత్రులు సమ్మతించిరి.

మొదట తాటాకు బుట్టల నల్లుట చేపట్టితిమి. ఊరి చివర బుట్టలల్లి జీవించు అవ్వను ఆశ్రయించితిమి. ఆమె లేత యాకులను తెప్పించి, ఈనెలు తీసి, సమానమైన పట్టీలుగా చీల్చి మా ముందుంచినది. చూచుటకు సులభముగనే యుండెను. ఒక పట్టీ క్రిందుగా, ఒక పట్టీ మీదుగా పోవలెను. అంతియే గదా యనుకొంటిని. అడుగుభాగము వఱకు బాగుగనే సాగినది. అంచులను పైకి మలుచునప్పుడు నా చేతిలోని యాకు టపటప విఱుగసాగెను. నీటిలో ముంచితిని. రాత్రియంతయు ముంచియుంచుటచే మఱునాటికి నల్లబడి జిగురుపట్టెను. అవ్వ నవ్వి, “ఎండితే విరుగుద్ది, నానితే కుళ్ళుద్ది పంతులుగారూ. ఆ రెండింటి మధ్యన ఉన్నప్పుడే ఆకు మన మాట వింటది. పిల్లలూ అంతేగా!” అనినది. పిల్లలను గూర్చి నాకెవరైన చెప్పవలసియుండునని నేనంతవఱకు అనుకొనలేదు.

పలుపులు పేనిన చేతులగుటచే మా రైతు మిత్రుని బుట్ట ముచ్చటగా వచ్చెను. కాంపౌండరుగారిది చిన్నదైనను గట్టిగా కుదిరెను. నా బుట్ట ఒకవైపునకు ఒరిగిపోయెను. నా యిల్లాలు దానిలో ఉల్లిపాయలు పోసి, గోడకానించి పెట్టినది. గోడ లేనిచో అది నిలువదు.

రెండవ పనిని ఎన్నుకొన్నది నేను. గ్రంథములకు సంబంధించినదైనచో నా పరువు నిలుచునని ఆశ. మా గ్రామ గ్రంథాలయమున అట్టలూడి, దారములు తెగి, పుటలు జాఱిపోవుచున్న పుస్తకములు చాలగలవు. వానిని బైండు చేయుట నేర్తమంటిని. సమీప పట్టణమున ముద్రణాలయములో పనిచేసిన వృద్ధుడొకరు రెండు దినములు మా మండపమునకు వచ్చి పద్ధతి చూపిరి. పాత దారములను తీసివేసి, ఫారములను వేఱుచేసి, చినిగిన మడతలకు పలుచని కాగితమంటించి, మైనము పూసిన దారముతో ఒక్కొక్క ఫారమును మడతలోపలినుండి కుట్టి, వెన్నుకు జిగురుపూసి గుడ్డనంటించి, అట్టలు బిగించి, బరువు క్రింద ఆఱనీయవలెను. బట్టల వర్తకులు గుడ్డనిచ్చిరి. ఆసుపత్రిలో గాయములకు కుట్లు వేయుటలో చేయందించిన కాంపౌండరుగారి సూది మా యందఱి సూదులకంటె సూటిగా నడిచెను.

మైదాపిండిని ఉడికించి చేయు జిగురులో కొంచెము మైలుతుత్తము కలుపవలెనని, లేనిచో పురుగు పట్టునని ఆ వృద్ధుడు చెప్పియుండెను. అది విషము, పిల్లలు తిరుగు చోట మనకెందులకని మొదటి అయిదు పుస్తకములకు దానిని మానితిమి. వానకాలము గడచునప్పటికి ఆ అయిదింటి వెన్నులును పురుగులకు విందైనవి. పిదప కాంపౌండరుగారే స్వయముగా తూచి కలిపి, మిగిలినదానిని తాళము వేసిన పెట్టెలో భద్రపఱచి, పని ముగిసినంతనే అందఱిచేతను సబ్బుతో చేతులు కడిగించెడివారు.

ఇక నా ఘనకార్యము వినుడు. ఒక కావ్యమును నేనే స్వయముగా కుట్టితిని. అది నాకు కంఠస్థము, దాని ఫారముల క్రమము నాకొకరు చెప్పనేల యని ధీమా. అట్ట బిగించి, బంగారు రంగుతో పేరు వ్రాసి మిత్రులకు చూపితిని. పోస్టుమాస్టరుగారు పుటలు త్రిప్పుచు త్రిప్పుచు, “పంతులుగారూ, 32వ పుట తరువాత 49వ పుట వచ్చినదేమి?” యని యడిగిరి. ఒక ఫారమునకు 16 పుటలు. మూడవ ఫారమును నాలుగవదాని తరువాత కుట్టితిని! జాబులను ఊరూరి వారీగా వేఱుపఱచిన కన్ను గనుక ఆయన చూచెను. ప్రతి ఫారము మొదటి పుట అడుగున, ఇట్టి పొరపాటు రాకుండుటకే, ఒక చిన్న యంకెను అచ్చువేయుదురట. నలువది సంవత్సరములకు పైగా పుస్తకములు చదివితిని. ఆ యంకె నా కంటబడనే లేదు. పుస్తకమును చదువుట వేఱు, పుస్తకము ఎట్లయినదో తెలిసికొనుట వేఱని ఆనాడు గ్రహించితిని. విప్పి మరల కుట్టుటకు నాకు మూడు దినములు పట్టెను.

మూడవ పని కొయ్యబొమ్మలు. ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచినది.

విజయవాడకు సమీపమున నున్న కొండపల్లి బొమ్మలను మీరెఱుగుదురు. ఏనుగు అంబారీ, దశావతారములు, తాడిచెట్టు నెక్కు గీతకార్మికుడు, ఎడ్లబండి మున్నగునవి తెలుగువారి బొమ్మలకొలువులలో తఱచుగ కానవచ్చును. వానిని తెల్లపొణికి యను మిక్కిలి తేలికైన కఱ్ఱతో చేయుదురు. కఱ్ఱలోని తడి పోవునట్లు సన్నని సెగను చూపి, తల, మొండెము, కాలుసేతులు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురునందు రంపపుపొట్టు కలిపిన మక్కుతో అదుకుదురు. ఆఱిన పిదప ఆకురాయితో నునుపుచేసి, తెల్లసున్నము పూసి, దానిపై రంగులు దిద్దుదురు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకయందు బొమ్మల పద్ధతి వేఱు. అచ్చట అంకుడుకఱ్ఱను తిరుగుడుయంత్రమునకు బిగించి త్రిప్పుచు లక్కరంగు పట్టింతురు.

ఈ పని నేర్పగలవాడు మా యూరిలోనే యున్నాడని మిత్రులు చెప్పిరి. ఇండ్లకు తలుపులు, కిటికీలు చేయు వడ్రంగి. చిన్నతనమున కొండపల్లిలో నొక బొమ్మలవారియొద్ద రెండు సంవత్సరములు పనిచేసి వచ్చినవాడు. అతని పేరు వినగానే నేను మౌనము వహించితిని. ఈసారి వేఱొక పని చూతమంటిని. తిరుగలి విసరుట యైనను నేర్తునంటిని. కారణము మిత్రులకు తెలియదు.

అతడు నా శిష్యుడు. 1990 ప్రాంతమున నేను ఎనిమిదవ తరగతికి ఛందస్సు చెప్పుచుంటిని. గురువు, లఘువు, గణవిభజన. వెనుక వరుసలోని యొక బాలుడు తల వంచుకొని బల్ల క్రింద ఏమో చేయుచుండెను. వెళ్ళి చూచితిని. చిన్న కత్తితో మెత్తని కఱ్ఱముక్కను చెక్కుచున్నాడు. అది యొక ఎద్దు. సగము పూర్తియైనది. మూపురము నిజముగా ఎద్దు మూపురమువలెనే యున్నది. నేను దానిని లాగికొని, కిటికీలోనుండి అవతల పాఱవేసి, “ఛందస్సు రానివాడు చెక్క గీచికొని బ్రదుకవలసినదే” యని తరగతియంతయు వినునట్లు అంటిని. పిల్లలు నవ్విరి. ఆ సంవత్సరమే ఆ బాలుడు బడి మానెను. తండ్రికి జబ్బు చేసినదని విని, అదియే కారణమని సరిపెట్టుకొంటిని. అదియే ముఖ్యకారణము కావచ్చును. నేను కూడ నొక కారణమును కానని నేడు ప్రమాణము చేసి చెప్పలేను.

ఆ రాత్రి మరల నిద్ర లేదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల పట్టికను నేను ఏటేట పిల్లలచేత వల్లింపించెడివాడను. ఆ పట్టికలో ఛందోజ్ఞానము నొక కళ. తక్షణము, అనగా వడ్రంగము, ఒక కళ. పేముతో అల్లుట యొక కళ, సూదిపని యొక కళ. రెండు కళలు ఒకే పట్టికలో ఒకే గౌరవముతో నిలిచియుండగా, ఒకదానిని చేతబట్టి రెండవదానిని కిటికీలోనుండి పాఱవేసినవాడను నేను. అమరకోశమున వడ్రంగికి అయిదు పేర్లున్నవి. ఆ అయిదును నాకు నిద్రలో లేపి యడిగినను వచ్చును. ఉలిని ఎట్లు పట్టవలెనో మాత్రము తెలియదు. 1937వ సంవత్సరమున వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారమున చదువు చెప్పవలెనని ప్రతిపాదించిన సంగతిని నేను పరీక్షలలో ప్రశ్నగా చదివి, జవాబుగా వ్రాసి, మార్కులు తెచ్చుకొన్నవాడనే. మార్కులు వచ్చినవి, బుద్ధి రాలేదు.

నాల్గవనాడు మిత్రులతో సంగతి చెప్పి, వారిని వెంటబెట్టుకొని అతని యింటికి పోయితిని. అతడు వాకిట తలుపుచెక్కను చిత్రికపట్టుచుండెను. మమ్ము చూచి లేచి, నాకు కుర్చీ వేయబోయెను. నేను కూర్చుండలేదు. “నాయనా, ఎనిమిదవ తరగతిలో నీ ఎద్దును నేను పాఱవేసితిని. నీకు జ్ఞాపకమున్నదో లేదో. నాకున్నది. అది తప్పు” అని చెప్పితిని. ఈ మూడు మాటలు చెప్పుటకు నాకు ముప్పది యేండ్లకు పైగా పట్టెను.

అతడు కొంతసేపు చిత్రికలోని పొట్టును దులుపుచు నిలిచెను. “జ్ఞాపకం లేకేం మాస్టారూ. ఆ ఎద్దుకు కొమ్ములు కుదర్లేదు. మీరు పారేయకపోయినా నేనే మళ్ళీ చేసేవాణ్ణి” అనెను. ఇంకొక క్షణమాగి, “కానీ మూపురం మాత్రం బాగా వచ్చిందండీ” అనెను. నేను “వచ్చినది నాయనా, చూచితిని” అంటిని. అంతకుమించి ఆ విషయము మేము మరల మాటలాడలేదు.

వారమునకు రెండు సాయంకాలములు అతడు మాకు పాఠము చెప్పుటకు సమ్మతించెను. మాస్టారి వద్ద డబ్బు తీసికొననని పట్టుపట్టెను. ఆ గంటలు అతని బ్రతుకుతెరువునకు చెందినవి, ఊరక తీసికొనుట మఱియొక తప్పగునని చెప్పి, కూలి లెక్కకట్టి అయిదుగురమును పంచుకొని యిచ్చితిమి. నన్ను అరుగుమీద కూర్చుండుమనెను. గురువు పైని, శిష్యుడు క్రిందనని చెప్పి నేను చాపమీద కూర్చుంటిని. అతడు సిగ్గుపడెను. రెండవ వారమునకు సిగ్గు పోయెను. మూడవ వారమునకు నన్ను కోప్పడుట గూడ నేర్చెను. “మాస్టారూ, ఉలిని అదమకండి. కఱ్ఱలో గీతలు ఎటు పోతున్నాయో చూసి, అటు పోనివ్వండి. ఎదురు పోతే చీలుద్ది.” ఉలికి ముందు ఎడమచేయి ఉంచరాదని మొదటిదినమే చెప్పెను. వినక వ్రేలు కోసికొన్నవాడను నేనొక్కడనే. కాంపౌండరుగారు కట్టుకట్టుచు, ఇన్నాళ్ళకు తన విద్య కూడ పనికివచ్చినదని సంతోషించిరి.

నేను ఎద్దునే చేసితిని. రెండు నెలలు పట్టినది. మొండెము బాగుగనే వచ్చెను. కాళ్ళు నాలుగును నేలనానుటకు ఎన్నిమార్లు ఆకురాయి పట్టితినో లెక్కలేదు. కొమ్ములు కుదరలేదు. ఒకటి ఆకాశమును, ఒకటి నేలను చూచుచున్నవి. తీసికొనిపోయి చూపితిని. నా గుండె పరీక్షాపత్రము చేతబట్టిన పిల్లవాని గుండెవలె కొట్టుకొనెను. అతడు దానిని వెలుతురున అటునిటు త్రిప్పి, “మూపురం కుదిరింది. కొమ్ములు మళ్ళీ చేద్దాం మాస్టారూ” అనెను.

శ్రోతలారా! “మళ్ళీ చేద్దాము.” ఎంత చిన్న మాట! 37 ఏండ్లలో ఎన్ని వేల పత్రములపై ఎఱ్ఱసిరాతో తప్పుగీతలు గీచితినో నాకే తెలియదు. మొదట కుదిరినదానిని చెప్పి, కుదరనిదానిని “మళ్ళీ చేద్దాము” అని ఎందఱు పిల్లలతో అంటిని? ఏ శిక్షణాకళాశాలలోను నాకు అబ్బని బోధనపద్ధతిని, నేను చెక్క గీచికొమ్మని శపించినవాడు నాకు నేర్పెను.

కొమ్ములను మూడుమార్లు మార్చి చేసితిని. 2024 సంక్రాంతికి మా బొమ్మలన్నిటిని గ్రామపాఠశాలలోని కొలువున పెట్టిరి. రైతు మిత్రుని బండికి నా ఎద్దును, అతడు చేసిన ఎద్దును పూన్చిరి. నాది కొంచెము పొట్టి. బండి ఒకవైపునకు వంగినది. పిల్లలు నవ్విరి. ఆ నవ్వు నాకు మిక్కిలి హాయిగా నుండెను. వడ్రంగి కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ కొలువు ముందు నిలిచి తండ్రి నాతో, “అమ్మాయికి ఛందస్సు కొరుకుడు పడటం లేదు మాస్టారూ” అనెను. ఇప్పుడా బాలిక సాయంకాలములందు మా మండపమునకు వచ్చును. గురులఘువులను కొయ్యముక్కలతో చేయించితిని. పొడుగుది గురువు, పొట్టిది లఘువు. గణములను నేలపై పేర్చి చూపింతును. తప్పినప్పుడు ఏమందునో మీరూహింపగలరు.

నావంటి పెద్దలకు నాలుగు మాటలు మనవిచేసి ముగింతును. మీ యూరిలోను నలుగురు కూడెడి చోటు కలదు. ఒంటరిగా నేర్చుకొనుటకు ఈ వయసున సిగ్గు అడ్డువచ్చును. నలుగురు కలిసి తప్పులు చేయునప్పుడు ఆ సిగ్గు నవ్వుగా మాఱును. మీలో నెవ్వరికిని రాని పనినే ఎన్నుకొనుడు. ఒకరికి ముందే వచ్చినచో ఆయన గురువగును, తక్కినవారు ప్రేక్షకులగుదురు. ఒకమారు ఒక పనినే పట్టుడు. నేర్పువారు మీ యూరిలోనే యుందురు. మనము వారిని గురువులుగా చూచియుండలేదు గనుక కానరారు. వారి కాలమునకు మూల్యమిండు. వారికంటె క్రింది చాపపై కూర్చుండుడు. చేసినదానిని అద్దాల బీరువాలో దాచక వాడుకొనుడు. ఒరిగిన బుట్టలోనైనను ఉల్లిపాయలు నిలుచును.

ముదిమి మన చేతులను వణకించును గాని నేర్వకుండ ఆపజాలదు. ఆపునది మన అభిమానము. నేను ఉలి పట్టుటకు ముందు ఒక గడప దాటవలసివచ్చెను. మీకును అట్టి గడప ఎచ్చటనో ఒకటి ఉండవచ్చును. దానిని దాటుటకు ఇంకను వేళ మించలేదు.

సెలవు.